తెలిసియు కదలని మనస్సు

“మచిలీపట్నము రేవులో పదవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేయబడినది.” రేడియో గల తెలుగింట ఈ వాక్యము నెరుగనివారుండరు. కార్తికమాసము వచ్చి, డెల్టాలో వరికంకి బరువెక్కి వంగినదన్న, ఆకాశమువంక ఒక కన్ను, రేడియోవంక ఒక చెవి యుంచుట మన కలవాటు. వినుటవరకు బాగుగనే విందుము. వినిన పిమ్మట ఏమి చేయుదుము? ఫలానిది చేయవలెనని తెలిసియు ఒక్కొక్కప్పుడు ఏల చేయకుందుము? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము. మానవుని పనికి పురికొల్పునది తెలివియా, కోరికయా, భయమా, అలవాటా యని గ్రీకు తత్త్వవేత్తలు సుమారు రెండువేల నాలుగువందల యేండ్ల క్రిందట గట్టిగా తర్కించిరి. ఆ తర్కమును ఏథెన్సు నగరవీథులలో గాక మన దివిసీమ గట్లమీద నిలిచి ఒకమారు విని చూతము.

గ్రీకులతో మనకు చుట్టరికము క్రొత్తది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో గ్రీకుభాషలో వెలసిన ‘పెరిప్లస్’ అను సముద్రయాన గ్రంథము మన తీరమును ‘మసాలియా’ యని పేర్కొని, ఇచ్చట సన్నని నూలుబట్టలు విరివిగ తయారగునని చెప్పినది. తరువాతి శతాబ్దివాడైన టాలెమీ కృష్ణానదిని ‘మైసోలస్’ అనియు, ఈ నాడును ‘మైసోలియా’ అనియు వ్రాసి, ‘కంటకొస్సిల’ యను రేవును చెప్పెను. అది నేటి ఘంటసాల యని పండితులు గుర్తించిరి. ఘంటసాల శాసనములలో శివకుడను ఒక మహానావికుని పేరు కనబడును. యవనుల బట్టల బేరము వెంట వారి తత్త్వశాస్త్రము కూడ ఈ రేవులో దిగినదనుటకు ఆధారమేమియు లేదు. దిగియుండినచో ఘంటసాల బౌద్ధభిక్షువులకు మంచి వాదము దొరికియుండునని తలచుకొనుట మాకొక వేడుక, అంతే. కాని ఒక సంగతి నిశ్చయము. ఏ దేశపు నావికుడైనను తుపానును ఎరిగినవాడే. గ్రీకులు నీతిని గూర్చి చెప్పునపుడెల్ల ఓడను, చుక్కానిని, గాలివానను ఉదాహరణలుగ తెచ్చుకొనుట అందువలననే. సముద్రము ప్రక్కన పుట్టిన ఆలోచనలు సముద్రము ప్రక్కనున్నవారికి తేలికగ బోధపడును.

మొదట సోక్రటీసు మాట విందము. క్రీస్తుపూర్వము 399లో ఏథెన్సువారి తీర్పునకు లోబడి విషము త్రాగి మరణించిన ఈ మహానుభావుడు తన చేతితో ఒక్క గ్రంథమైనను వ్రాయలేదు. శిష్యుడైన ప్లేటో వ్రాసిన సంభాషణలనుండియే ఆయన వాదము మనకు ప్రధానముగ తెలియుచున్నది. తెలిసి ఎవ్వడును కీడు కొనితెచ్చుకొనడని ఆయన పట్టు. మేలేదో నిజముగ తెలిసినవాడు దానిని చేసియే తీరును. చేయలేదా, వానికి నిజముగ తెలియలేదనుటయే. మరి కోరిక బలము చేత, భయము బలము చేత లొంగిపోయితిమని జనులందురు గదా యన్న, అది లొంగుట కాదు, లెక్క తప్పుట యని ఆయన సమాధానము. ‘ప్రొటాగొరస్’ సంభాషణలో దీనికొక చక్కని పోలిక యున్నది. దగ్గరి వస్తువు కంటికి పెద్దదిగను, దూరపు వస్తువు చిన్నదిగను కనబడును. మంగినపూడి తీరమున నిలిచినవానికి ఒడ్డుననున్న చిన్న పడవ పెద్దదిగను, ఎక్కడో పోవు స్టీమరు బొటనవ్రేలంతగను కనబడుట లేదా? అట్లే నేటి సుఖము పెద్దది, రేపటి దుఃఖము చిన్నది యని మనస్సు భ్రమపడును. ఈ భ్రమను పోగొట్టు కొలతవిద్య యొకటి నేర్చుకొన్నచో మానవుడు తప్పటడుగు వేయడని సోక్రటీసు ధైర్యము.

ఈ ధైర్యమును 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ ప్రక్కన పెట్టి చూడవలెను. ఆనాడు శనివారము. బంగాళాఖాతమున పుట్టిన తుపాను దివిసీమపై విరుచుకొనిపడినది. గాలివానను మనవారెరుగుదురు, ఆ దినమున వచ్చినది గాలివాన మాత్రమే కాదు, ఉప్పెన. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము లేచి, పొలములు, గుడిసెలు, ఊళ్లు అనక లోపలికి మైళ్లకొలది నడచిపోయినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, నాగాయలంక, కోడూరు—ఈ పేర్లు ఆ రాత్రి తరువాత దేశమంతటను తెలిసినవి. మరణించినవారు సుమారు పదివేలమంది యని సర్కారు లెక్క. అంతకు మించియుందురని ఆ ప్రాంతపువారి నమ్మకము. పశువులకు లెక్క లేదు.

హెచ్చరికలు లేకపోలేదు. తుపాను వచ్చుచున్నదని రేడియో చెప్పినది. రేవులలో సూచికలు ఎగిరినవి. మరి జనులేల కదలలేదు?

సోక్రటీసు అయినచో వారికి తెలియలేదనును. ఇందు సత్యము చాల యున్నది. రేవులోని సూచిక ఎవరికొరకు ఏర్పడినది? ఓడలవారికి. పది యను అంకె నావికునకు గాలి తీవ్రతను చెప్పును, తుపాను దారిని చెప్పును. పొలము గట్టున నిలిచిన రైతునకు నీరు ఎంత ఎత్తున వచ్చునో, తన చావిడి చూరు దాటునో దాటదో ఆ అంకె చెప్పదు. గాలి వీచునని ఆయన విన్నాడు. సముద్రము నడచివచ్చునని వినలేదు. బందరు ఉప్పెన యని పెద్దలు చెప్పుకొను ఘోరము 1864 నవంబరు 1వ తేదీ నాటిది. అందు సుమారు 30,000 మంది కడతేరిరి. దానికిని దివిసీమ ఉప్పెనకును నడుమ 113 సంవత్సరములు గడచినవి. తాతలు చెప్పిన కథను మనుమలు కథగనే విందురు.

అయినను అంతయు అజ్ఞానముమీదనే త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. తెలియనివారొక తెగ. కొంత తెలిసియు కదలనివారు మరియొక తెగ. రెండవ తెగవానిని ఒకనిని ఊహించుకొందము. నాగాయలంక దాపున నాలుగెకరముల రైతు. రేడియో విన్నాడు. మబ్బు చూచినాడు. ప్రమాదమున్నదని మనస్సు చెప్పుచునే యున్నది. కాని చేను కోతకు వచ్చియున్నది. కొట్టములో రెండు ఎడ్లు, ఒక పాడిగేదె. ఇంట కదలలేని తల్లి. అన్నిటికిని మించి, అందరికంటె ముందు మూట గట్టినచో పిరికివాడందురేమో యన్న సంకోచము. సూర్యుడు క్రుంకునంతవరకు ఆయన వాకిటికిని చేనికిని నడుమ తిరుగుచునే యుండును. ఈయనకు కొలతవిద్య రాదనుట సులభము. లెక్క తప్పక చేసినను కాలు కదలనివారిని మనమందరమును చూచియున్నాము. కొన్నిమార్లు అద్దములో చూచియున్నాము.

ఈ చిక్కును ప్లేటోయే పసిగట్టెను. గురువు వాదమును దాటి, ‘రిపబ్లిక్’ గ్రంథమున ఆయన ఆత్మను మూడుగ విభజించెను: లెక్కించు బుద్ధి యొకటి, ఆకలిదప్పుల వంటి కోరిక మరియొకటి, ఈ రెంటి నడుమ రోషము, పౌరుషము, మానము అనువానికి నెలవైన మూడవ భాగము. దీనికాయన చెప్పిన కథ విచిత్రమైనది. లియోంటియస్ అనువాడు ఏథెన్సు గోడవెంట పోవుచు, తలారి ప్రక్కన పడియున్న శవములను చూడవలెనన్న కోరికయు, చూడరాదన్న అసహ్యమును లోపల పెనుగులాడగా కొంతసేపు ముఖము కప్పుకొని నిలిచెను. తుదకు కోరికయే గెలువగా పరుగున పోయి, ఇదిగో చూడుడు, తనివితీర చూడుడని తన కండ్లనే తిట్టెనట. తనను తాను తిట్టుకొనువానిలో ఒకనికంటె ఎక్కువమంది యున్నారనుటకు ఇంతకంటె నిదర్శనమేమి? మన నాగాయలంక రైతును నిలిపివేసిన ‘పిరికివాడందురేమో’ యన్న మాట ఈ మూడవ భాగమునుండి వచ్చినదే. యుద్ధములో మానవుని నిలబెట్టు పౌరుషమే ఉప్పెనలో వానిని నిలబెట్టి ముంచినది.

ఇది యవనులకే తోచిన సంగతియని గర్వించుటకు వీలులేదు. ఇష్టము లేకున్నను బలాత్కారముగ త్రోయబడినట్లు మానవుడు పాపము చేయుట దేనివలన నని గీత మూడవ అధ్యాయమున అర్జునుడు అడుగనే అడిగెను. ధర్మమేదో తెలియును గాని దానియందు ప్రవృత్తి కలుగదని దుర్యోధనునిచేత పలికించిన మాటయు మన ఇండ్లలో వినవచ్చునదే. వ్యాధి అందరిదియు నొకటే. దానికి శస్త్రచికిత్సకునివలె పొరపొరగ విప్పిచూచినవాడు మాత్రము ప్లేటో శిష్యుడైన అరిస్టాటిల్.

క్రీస్తుపూర్వము 384 మొదలు 322 వరకు జీవించిన ఈ పండితుడు వైద్యుని కుమారుడు. చేపలను, తేనెటీగలను పరిశీలించిన చూపుతోనే మానవుని పనులను కూడ పరిశీలించెను. ఆయన మొదటి సిద్ధాంతమిది: బుద్ధి తనంతట తాను దేనిని కదల్చదు. ఒక గమ్యమును కోరు బుద్ధియే కదల్చును. అనగా తెలివికి కోరిక జోడుకావలెను. లేకున్న అది ఎడ్లు లేని బండి. రెండవది, తెలిసియుండుట అను మాటకు అర్థములు పెక్కు. త్రాగినవాడు ఎంపెడొక్లిస్ పద్యములను తడబడక చదువగలడు. అంతమాత్రమున వాని అర్థము వాని మనస్సున పనిచేయుచున్నదనగూడదు. ఉప్పెన వచ్చినచో ప్రాణహాని యను సామాన్యజ్ఞానము అందరికిని కలదు. ఈ ఉప్పెన, ఈ సాయంకాలము, నా వాకిలికి వచ్చునన్న విశేషజ్ఞానము తోడైననే కాలు కదలును. ఆ రెండవ వాక్యము లోపల వెలుగకుండ కోరికయు, మమకారమును అడ్డుపడుటయే మనస్సు యొక్క అశక్తత. దానికాయన ‘అక్రసియా’ యని పేరు పెట్టెను. అట్టివాడు మంచి చట్టములుండియు వానిని అమలుపరుపని నగరము వంటివాడట. ఈ పోలిక వినినపుడు మాకు ఏథెన్సుకంటె మన పురపాలక సంఘములే ముందు జ్ఞప్తికి వచ్చినవి. అది వేరు సంగతి.

ఆయన చెప్పినవానిలో కృష్ణాడెల్టావారు ప్రత్యేకముగ వినదగిన ఉదాహరణ యొకటి కలదు. నడిసముద్రములో తుపాను పట్టినపుడు ఓడవారు బరువు తగ్గించుటకై సరుకును నీటిలో పారవైతురు. ఇది వారు ఇష్టపడి చేసిన పనియా, బలవంతముచేత చేసిన పనియా? మామూలు దినమున ఏ వర్తకుడును తన బేళ్లను తానే సముద్రమున పడవేయడు. కాని ప్రాణము దక్కించుకొనుటకు బుద్ధిగలవారందరును అట్లే చేయుదురు. కనుక అది మిశ్రమమైన పని యని అరిస్టాటిల్ నిర్ణయించెను. మిశ్రమమైనను ఇష్టపూర్వకమునకే చేరువ, ఏలయన ఆ క్షణమున చేతులు కదల్చునది వారి లోపలి సంకల్పమే గాని వెలుపలి గాలి కాదు.

దివిసీమలో ఓడలేదు, ఇల్లున్నది. బేళ్లు లేవు, గొడ్డుగోద యున్నది. పశువుల పలుపులు విప్పి, వాని త్రోవను వానిని వదలి, చేను వంక తిరిగి చూడక పిల్లలను చంకనెత్తుకొని పోవుట ఆ ఓడవాడు సరుకు పారవైచుట వంటిదే. పలుపు ముడి విప్పుటకు చేతికి క్షణము పట్టదు. మనస్సునకు పూట పట్టును. ఏండ్ల తరబడి కుడితి పోసి పెంచిన గేదెను వదలుట ఖాతాలోని అంకెను కొట్టివేయుట కాదు. ఓడలోని బేళ్లు యజమాని వంక చూడవు. ఈ ఒక్క భేదమును అరిస్టాటిల్ లెక్కలో వేసికొనలేదని మా ఫిర్యాదు.

ఇంకను పెద్ద ఫిర్యాదు ఒకటున్నది. దానికి ప్రత్యుత్తరము మరల ఆయన గ్రంథములోనే దొరకుట విశేషము. ఓడలోని నావికునకు ఏమి పారవేయవలెనో, పారవైచినచో ఏమి దక్కునో తెలియును. దివిసీమలో చనిపోయినవారిలో పెక్కుమంది రైతులైనను కారు. తీరమున గుడిసెలలో నుండు జాలరులు, కూలివారు. గుడివాడలో మేనమామ ఇల్లున్నవాడు గుడివాడ చేరవచ్చును. బందరులో పెంకుటింటి చుట్టమున్నవాడు బందరు చేరవచ్చును. చుట్టమే లేనివాడు ఎక్కడికి పోవలెను? చుట్టును మైళ్లకొలది బల్లపరుపు నేల. ఇటు ఒక పాయ, అటు ఒక పాయ కృష్ణ, ఎదుట సముద్రము. మెట్టయనగా చెరువుగట్టు, మేడయనగా ఎవరో పెద్దవారి యిల్లు. అట్టివానిని చూచి, తెలిసియు కదలలేదు, మూర్ఖుడనుట అన్యాయము. తన చేతిలోనున్న విషయములను గూర్చియే మానవుడు పర్యాలోచన చేయునని అరిస్టాటిల్ చెప్పెను. చేతిలో లేనిదానిని గూర్చి ఎవ్వడును ఆలోచింపడు. గాలి వీచుటను గూర్చి, ప్రొద్దు పొడుచుటను గూర్చి ఎవ్వడు సంప్రదింపులు జరుపును? పోవుటకు చోటు లేనివానికి ‘పోవుదునా, నిలుతునా’ యన్న ప్రశ్నయే పుట్టదు. ప్రశ్న పుట్టనిచోట సంకల్పమునకు తావులేదు. వానికి తక్కువైనది తెలివియు కాదు, ధైర్యమును కాదు; ఒక మెట్ల దారియు, దానిపైన ఒక గట్టి కప్పును.

ఇప్పుడు 1990వ సంవత్సరము మే 9వ తేదీని చూతము. మరల తుపాను, మరల కృష్ణ ముఖద్వారపు చేరువనే, బలములో 1977 నాటిదానికి తీసిపోనిది. ఈ మారు ఆరు లక్షలకు మించిన జనమును ముందుగనే సురక్షిత స్థలములకు తరలించిరి. మరణించినవారు వేయికి లోపు. వేయికి లోపన్నది చిన్న అంకె యని మేమనము. ఒక్కొక్క ఇంట అది సంపూర్ణమైన అంకెయే. అయినను పదివేలకును దీనికిని గల భేదము కంటికి కనబడుచునే యున్నది.

ఈ పదుమూడేండ్లలో మానవస్వభావము మారినదా? గేదెమీద మమకారము తగ్గలేదు; చేనుమీద ఆశ చావలేదు. మారినవి రెండు. ఉప్పెన తరువాత తీరపు గ్రామములలో ప్రభుత్వమువారును, సేవాసంస్థలును తుపాను రక్షణ భవనములు కట్టిరి: ఎత్తైన స్తంభములమీద కాంక్రీటు కప్పు, వెడల్పైన మెట్లు. మచిలీపట్నమున తుపాను జాడను కనిపెట్టు రాడారు వెలసెను. పోవుటకు చోటేర్పడినందున పోవుట అను విషయము మానవుని చేతిలోనికి వచ్చినది. అరిస్టాటిల్ చెప్పిన పర్యాలోచనకు అప్పుడే ఆరంభము. ఇది మొదటి మార్పు.

రెండవ మార్పును చెప్పుటకు స్టోయిక్ వేదాంతులను పిలువవలెను. వారి తరువాతి తరములలో ప్రసిద్ధుడు ఎపిక్టిటస్, పుట్టుకతో బానిస. మొదట మనస్సునకొక రూపము తోచును. ఆ తోచుట మన వశము కాదు. దానికి ‘ఔను’ అని లోపల సమ్మతించుట మన వశము. సమ్మతి కలిగిననే పనికి ప్రేరణ కలుగునని వారి మతము. అవులస్ గెల్లియస్ అను రోమనుడు దీనికొక సంఘటన వ్రాసియుంచెను. గ్రీసునుండి ఇటలీకి పోవు ఓడను రాత్రివేళ తుపాను పట్టుకొన్నది. ఓడలో పేరుగల స్టోయిక్ పండితుడొకడుండెను. తక్కినవారివలె ఏడ్వలేదు గాని ఆయన ముఖము మాత్రము తెల్లబారినది. గాలి తగ్గిన పిమ్మట, తత్త్వవేత్తకు ఈ భయమేమని అడుగగా ఆయన సంచినుండి ఎపిక్టిటస్ గ్రంథము తీసి చూపెనట. ముఖము తెల్లబారుట మొదటి తోపు. అది జ్ఞానికిని తప్పదు. ఆ తోపునకు సమ్మతించుటయో, మానుటయో అటుపిమ్మటి మాట.

1977లో ‘పది’ యను అంకె వినినవారి మనస్సున ఏ రూపమును తోపలేదు. రూపమే తోపనిదానికి సమ్మతి యెట్లు? 1990లో అదే అంకె వినగనే తాటిచెట్ల మొవ్వులకు చిక్కుకొన్న గడ్డియు, నీటిలో తేలిన పశువులును, తెల్లవారి తమవారిని వెదకుకొన్న ఆదివారమును కండ్లయెదుట నిలిచినవి. సోక్రటీసు కోరిన కొలతవిద్య పుస్తకములవలన రాలేదు. దూరముననున్న అలను దగ్గరకు లాగి దాని నిజమైన యెత్తును చూపినది జ్ఞాపకమే. దీనికి మనము చెల్లించిన రుసుమెంతయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఉప్పెన వెనుక దేశమునలుమూలలనుండి వచ్చిన సాయమును గూర్చి ఒక్క మాట. అవనిగడ్డవారైన మండలి వెంకటకృష్ణారావుగారు బాధితుల సేవలో మునిగిరి. గుడివాడ పరిసరములలో పుట్టిపెరిగిన నటులు ఎన్.టి. రామారావుగారును, అక్కినేని నాగేశ్వరరావుగారును జోలె పట్టి తిరిగి విరాళములు ప్రోగుచేసిరి. తనకో తనవారికో రాగలదని భయపడు కష్టము ఇతరులకు వచ్చినపుడే మానవునకు జాలి కలుగునని అరిస్టాటిల్ తన అలంకారగ్రంథమున వ్రాసెను. స్వార్థమని కొందరందురు. మాకట్లు తోపదు. బందరువాడు దివిసీమవానికి బియ్యము పంపునపుడు తన ఇంటికిని సముద్రమునకును ఎంత దూరమో ఒకమారు కొలుచుకొని యుండును. ఆ కొలత బియ్యపు బస్తాను తేలిక చేయలేదు.

తుదకు అరిస్టాటిల్ మనకు వదలిపోయిన చిక్కుముడి యొకటి మిగిలియున్నది. తన వశములో లేక జరిగినదానికి ఆయన రెండు ఉదాహరణలిచ్చెను: గాలి మానవుని ఎత్తుకొనిపోవుట యొకటి, వశపరచుకొన్న మనుష్యులు ఎత్తుకొనిపోవుట మరియొకటి. తుపాను రోజున ఒక ముసలమ్మ గుడిసె విడిచి రానని భీష్మించుకొని కూర్చున్నదనుకొందము. ఇద్దరు యువకులు రెక్కలు పట్టి లారీ యెక్కించిరి. శాపనార్థములు పెట్టుచునే ఆమె రక్షణ భవనము చేరినది. శాస్త్రప్రకారము ఆమె రాలేదు, తేబడినది. గాలి తేలేదు, మనుష్యులు తెచ్చిరి, అంతే భేదము. మరునాడు నీరు తీసిన పిమ్మట గుడిసె యున్నచోటు చూచుకొని ఆమె ఏమియు మాటలాడలేదు.

మరికొన్ని యేండ్లకు మరల రేవులో సూచిక ఎగిరినది. లారీ ఇంకను వీథి మొగదలకు రాకమునుపే ఆ ముసలమ్మ కోడిపెట్టను చంకబెట్టుకొని, గేదె పలుపు విప్పి, రక్షణ భవనపు మెట్లమీద మొదటి వరుసలో కూర్చుండి, ఆలస్యముగ వచ్చువారిని తిట్టుచున్నది.